హెచ్.ఐ.వి.తో వార్ధక్యం: మన విజ్ఞాన ప్రచారంపై ఒక విమర్శ

విజ్ఞాన విషయాలను సామాన్యజనులకు తెలియజెప్పే రచనకు రెండు పరీక్షలు ఉన్నవి. చెప్పిన సంగతి నిజమేనా అన్నది మొదటిది. ఆ సంగతి ఎవరికి అవసరమో వారికి అందుతున్నదా అన్నది రెండవది. మొదటి పరీక్షలో నెగ్గిన రచన రెండవదానిలో ఓడిపోవచ్చు. వ్రాసిననాడు నిజమైనదే, శాస్త్రం ముందుకు సాగిపోయిన తరువాత అబద్ధంగా మిగిలిపోవచ్చు కూడ. కవిత్వానికి, కథకు విమర్శకులు చాలమంది ఉన్నారు. గోడల మీది ఆరోగ్య సూత్రాలకు, కరపత్రాలకు, బడిపుస్తకాలలోని రోగాల పాఠాలకు విమర్శకులు అరుదు. కాని చెడ్డ పద్యం వల్ల ఎవరికీ ప్రాణహాని లేదు. తప్పుడు ఆరోగ్యపాఠం ప్రాణం మీదికి తేగలదు.

ఇటువంటి పరీక్ష ఎక్కువగా అవసరమైనది ఎయిడ్స్‌ను గురించిన సాహిత్యానికి. 1981లో అమెరికాలో ఈ వ్యాధిని మొదట గుర్తించారు. 1983లో పారిస్‌లోని పాస్టర్ సంస్థ శాస్త్రజ్ఞులు దానికి కారణమైన వైరస్‌ను వేరుచేశారు. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల జరిపిన పరీక్షలతో మన దేశంలో దాని ఉనికి బయటపడింది. అప్పటినుంచి తెలుగులో వచ్చిన ప్రచారం గొప్ప మేలే చేసింది. వ్యాధి ఏ దారులలో సోకుతుందో, ఏ దారులలో సోకదో పల్లెలకు చేరవేసింది. సూదులు, రక్తం విషయంలో జాగ్రత్త నేర్పింది. అయితే ఈ ప్రచారమంతా ఒకే శ్రోతను ఊహించుకొని సాగింది. అతడు యువకుడు, వైరస్ ఇంకా సోకనివాడు. వైరస్ సోకి, మందు వాడి, బ్రతికి, వయసు మళ్ళినవాడు ఆ సాహిత్యంలో దాదాపు కనబడడు.

అలాంటివారు ఇప్పుడు కొద్దిమంది కారు. మన దేశంలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు సుమారు 25 లక్షలమంది ఉన్నారని అంచనా. 1990ల చివర ముప్ఫయ్యేళ్ళ వయసులో వైరస్ సోకి, చికిత్స అంది బ్రతికినవారికి ఈనాడు అరవై సమీపిస్తున్నది. ఈ వ్యాధి విషయంలో యాభై దాటినవారిని వైద్యులు పెద్దవయసు వర్గంగా లెక్కిస్తారు. వారి చికిత్స నిరాటంకంగా సాగాలంటే మాత్ర ఒక్కటే చాలదు. మాత్రను గురించిన సరియైన మాట కూడ కావాలి.

మన ప్రచారాన్ని పరీక్షించడానికి బూర్గంపాడు మంచి గీటురాయి. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన మండలమిది. కిన్నెరసాని గోదావరిలో కలిసే తావుకు దగ్గర. సారపాక వద్ద వంతెన దాటితే భద్రాచలం. ఒకవైపు నది, ఒకవైపు అడవి, మరొకవైపు రాష్ట్రపు సరిహద్దు. ఈ మండలంలోని ఒక పల్లెలో అరవయ్యేళ్ళ రైతు ఒకరు ఉన్నారని ఊహిద్దాం. ఇరవయ్యేళ్ళుగా ఆయన ఒంట్లో హెచ్.ఐ.వి. ఉన్నది, రోజూ మాత్ర వేసుకుంటున్నారు. ఇప్పుడు చక్కెర వ్యాధి, మోకాళ్ళ నొప్పులు తోడైనవి. మన విజ్ఞాన ప్రచారం ఆయనకు ఏమి చెప్పింది? ఏమి చెప్పలేదు?

“మందు లేదు” అన్న మాట

ఎయిడ్స్‌కు మందు లేదు, నివారణ ఒక్కటే మార్గం అన్న భావం మన గోడల మీద, ఉపన్యాసాలలో చాలకాలం రాజ్యమేలింది. తెలుగులో “మందు” అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నవి. మింగే ఔషధం ఒకటి; రోగాన్ని సమూలంగా తీసివేసే విరుగుడు మరొకటి. వ్రాసినవారు రెండవ అర్థంలో వ్రాశారు. విన్నవారు మొదటి అర్థంలో విన్నారు. చక్కెర వ్యాధికి, రక్తపోటుకు కూడ విరుగుడు లేదు. అయినా “చక్కెర వ్యాధికి మందు లేదు” అని ఎవరూ గోడ మీద వ్రాయరు. “మందులతో అదుపులో ఉంటుంది” అనే చెబుతారు. ఒక వ్యాధికి ఒక న్యాయం, మరొక వ్యాధికి మరొక న్యాయం ఎందుకు?

ఆ మాట పుట్టిన రోజులలో దానికి కొంత ఆధారం ఉన్నదని ఒప్పుకోవాలి. 1987లో అమెరికాలో అనుమతి పొందిన జిడోవుడిన్ మొదటి ఔషధం. దీన్ని మన దేశంలో తయారుచేసే పద్ధతిని హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో డాక్టర్ ఎ.వి. రామారావు నాయకత్వాన రూపొందించారు. 1993లో సిప్లా సంస్థ ఆ ఔషధాన్ని బజారుకు తెచ్చింది. గుంటూరులో పుట్టిన రసాయన శాస్త్రజ్ఞుని ఈ కృషి తెలుగు బడులలో చెప్పుకోదగినది. కాని ఒక్క ఔషధానికి వైరస్ త్వరలోనే లొంగకుండా పోయేది. 1996 నుంచి మూడు ఔషధాలను కలిపి ఇవ్వడంతో పరిస్థితి మారింది. ఏక కాలంలో మూడింటినీ తప్పించుకోగల మార్పు వైరస్‌లో రావడం చాల అరుదు. ఆసుపత్రులలో మరణాలు ఒక్కసారిగా తగ్గినవి.

అప్పటికి మిగిలిన అడ్డు ధర. ఒక రోగికి ఏడాదికి పదివేల డాలర్లకు మించి అయ్యేది. 2001లో సిప్లా అదే చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇవ్వజూపింది. 2004 ఏప్రిల్ 1న మన ప్రభుత్వం ఎనిమిది ఆసుపత్రులలో ఉచిత చికిత్స ప్రారంభించింది. అంటే “మందు లేదు” అన్న మాట శాస్త్రరీత్యా 1996లోనే చెల్లిపోయింది. మన పేదల విషయంలో 2004 నుంచి చెల్లిపోతూ వచ్చింది. గోడమీది వ్రాతకు వెల్ల వేయడం సులభం. మనస్సులోని వ్రాతకు కష్టం. మందే లేదని ముప్ఫయ్యేళ్ళ క్రితం నేర్చుకొన్న మనిషి, ఈనాడు ఉచితంగా ఇచ్చే మాత్రను నిజమైన మందుగా నమ్మడం అంత తేలిక కాదు. పూర్తిగా నయం చేస్తామనే పసరు వైద్యుల గిరాకీకి మూలం ఇక్కడే ఉన్నది. విరుగుడు కోసం వెదికే మనిషికి అదుపు విలువ ఎవరూ చెప్పలేదు.

పులిరాజా ప్రశ్న

తెలుగు నాట ఆరోగ్య ప్రచారంలో 2003 ప్రాంతాన గోడలెక్కిన “పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?” అన్నంత ప్రసిద్ధమైన వాక్యం మరొకటి లేదు. దాని గుణాలు స్పష్టమే. నీతిబోధ లేదు, భయపెట్టడం లేదు. ప్రశ్న మాత్రమే ఉన్నది. చదివినవాడు ఎవరీ పులిరాజా అని నలుగురినీ అడిగేవాడు. నాలుకమీదికి రాని విషయం టీ దుకాణంలో చర్చకు వచ్చింది. ప్రచార కళగా ఇది గొప్ప విజయం.

విజ్ఞానపాఠంగా చూస్తే రెండు లోపాలు కనబడతవి. మొదటిది చిన్నది. ఒకరినుంచి ఒకరికి సోకేది హెచ్.ఐ.వి. అనే వైరస్, ఎయిడ్స్ అన్నది ఆ వైరస్ ఏళ్ళ తరబడి రోగనిరోధక శక్తిని దెబ్బతీసిన తరువాత వచ్చే దశ. మాత్రలు సకాలంలో మొదలుపెట్టి సక్రమంగా వాడేవారిలో చాలమందికి ఆ దశ రానే రాదు. రెండింటినీ ఒకటిగా చెప్పడంతో వైరస్ సోకడమే మరణశాసనమన్న అభిప్రాయం బలపడింది.

రెండవ లోపం పెద్దది. ప్రశ్న “వస్తుందా?” దగ్గర ఆగిపోయింది. వస్తే ఏమి చేయాలి? వచ్చి ఇరవయ్యేళ్ళు గడిస్తే ఎట్లా ఉండాలి? 2003లో పులిరాజా ముప్ఫయ్యేళ్ళవాడనుకుంటే ఈపాటికి అతనికి యాభై దాటినవి. అతని కళ్ళజోడును గురించి, రక్తపోటును గురించి, మనుమలను గురించి వ్రాసిన ప్రచారం ఏది? అరవయ్యేళ్ళ మనిషికి ఈ వ్యాధితో సంబంధమే లేదన్న భ్రమకు ఈ మౌనమే పునాది. అందుచేతనే ముసలివారిలో బరువు తగ్గడం, ఆగని విరేచనాలు, తరచు జ్వరం కనబడినప్పుడు “వయసు మీద పడింది” అని సరిపెట్టుకోవడం జరుగుతున్నది. పరీక్ష ఆలస్యమవుతుంది, చికిత్స మొదలయ్యేసరికి రోగనిరోధక కణాలు బాగా తగ్గిపోయి ఉంటవి.

పాఠ్యపుస్తకం మాట

గోడమీది వ్రాతకు స్థలం చాలలేదనవచ్చు. పాఠ్యపుస్తకానికి ఆ సాకు లేదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని అనుసరించి జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి వెలువరించిన పన్నెండవ తరగతి జీవశాస్త్రం వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు ఆధారగ్రంథం. తెలుగు విద్యార్థులు కూడ దాన్ని అక్షరం పొల్లుపోకుండ చదువుతారు. అందులో వైరస్ నిర్మాణం, అది కణంలో ప్రవేశించి వృద్ధిపొందే క్రమం చక్కని బొమ్మతో వివరించారు. అంతవరకు మెచ్చుకోదగినదే. చికిత్స దగ్గరికి వచ్చేసరికి, మందులు పాక్షికంగానే పనిచేస్తవని, ఆయుర్దాయాన్ని కొంత పొడిగించగలవే గాని అనివార్యమైన మరణాన్ని ఆపలేవని ఆ పుస్తకం తేల్చివేసింది.

ఈ వాక్యాన్ని శాస్త్రం నిలబెట్టదు. చికిత్సను వెంటనే ప్రారంభించినవారిని, ఆలస్యంగా ప్రారంభించినవారిని పోల్చిన ‘స్టార్ట్’ పరిశోధన ఫలితాలు 2015లో వెలువడినవి. వెంటనే ప్రారంభించినవారిలో తీవ్రమైన జబ్బులు, మరణాలు కలిపి సగానికి పైగా తగ్గినవి. ఆ సంవత్సరమే ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ చికిత్స ఇవ్వాలని చెప్పింది. 2017లో మన దేశం ఆ విధానాన్ని చేపట్టింది. అంతకు ముందు సీడీ4 కణాలు ఒక హద్దుకు తగ్గేదాకా ఆగవలసి వచ్చేది. ఇప్పుడు వైరస్ ఉన్నదని తేలితే చాలు. సకాలంలో మొదలుపెట్టి క్రమం తప్పక వాడేవారి ఆయుర్దాయం ఇతరుల ఆయుర్దాయానికి చేరువగా వస్తున్నది.

ఈ విషయం పరీక్ష మార్కులకు సంబంధించినది మాత్రమే కాదు. తరగతిలో నలభైమంది ఉంటే, వారిలో ఒకరి ఇంట తాతగారో, నాయనమ్మగారో ఆ మాత్రలు వాడుతూ ఉండవచ్చు. ఆ సంగతి ఆ బిడ్డకు తెలియవచ్చు, తెలియకపోవచ్చు. మరణం అనివార్యమని ఉపాధ్యాయుడు చదివి వినిపిస్తే ఆ బిడ్డ ఇంటికి తీసుకుపోయే పాఠం ఏది? ఎట్లాగూ పోయేదానికి మాత్ర ఎందుకన్న నిరాశ ఒక ఇంట్లో ప్రవేశించడానికి అచ్చులో ఉన్న ఒక్క వాక్యం చాలు.

“కనబడలేదు” అంటే “లేదు” కాదు

మాత్రలు సక్రమంగా వాడుతున్నవారికి రక్తంలో వైరస్ సంఖ్యను కొలిచే పరీక్ష చేస్తారు. ఒక మిల్లీలీటరు రక్తంలో 20 లేక 50 కంటె తక్కువ ఉంటే చాల పరికరాలు గుర్తించలేవు. ఫలితం “కనబడలేదు” అని వస్తుంది. పల్లెలో అది “వైరస్ లేదట” అవుతుంది, తరువాత “రోగం పోయిందట” అవుతుంది, చివరకు “ఇక మాత్ర ఎందుకు?” అన్న ప్రశ్నగా మారుతుంది. క్షయకు ఆరు నెలల కోర్సు ఉన్నది, మలేరియాకు కొద్ది రోజుల కోర్సు ఉన్నది. ఆ అలవాటుతో దీనికి కూడ కోర్సు పూర్తి అయిందనుకోవడం సహజం. ఈ పొరపాటును దిద్దవలసిన వైజ్ఞానిక వివరణ మన కరపత్రాలలో మిక్కిలి కొరత.

వివరణ కష్టమైనది కాదు. హెచ్.ఐ.వి. తన జన్యు సమాచారాన్ని రైబో కేంద్రకామ్లంగా మోసుకొనివచ్చి, రోగనిరోధక కణంలో దాన్ని డీ.ఎన్.ఏ.గా మార్చి, ఆ కణపు సొంత డీ.ఎన్.ఏ.లోనే అతికిస్తుంది. అట్లా అతికిన కణాలలో కొన్ని ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉండిపోతవి. మందులు కొత్త వైరస్ పుట్టకుండా, కొత్త కణాలకు పాకకుండా ఆపుతవి. నిద్రించే కణంలోని వ్రాతను చెరపలేవు. ఈ నిలువ సగానికి తగ్గడానికి సుమారు 44 నెలలు పడుతుందని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ సిలిసియానో బృందం 1999లో లెక్కగట్టింది.

దీన్ని ఉపాధ్యాయులు నల్లబల్లమీద చేసి చూపవచ్చు. నిలువలో పది లక్షల కణాలు ఉన్నవనుకుందాం. పది లక్షలను వరుసగా సగం చేస్తూ పోతే ఒక్క కణం మిగలడానికి దాదాపు 20 సార్లు సగం చేయాలి. 20ని 44తో హెచ్చిస్తే 880 నెలలు. అంటే 73 సంవత్సరాలు. ముప్ఫయ్యేళ్ళకు మందు మొదలుపెట్టిన మనిషి నూరేళ్ళు దాటినా నిలువ పూర్తిగా తీరదు. మాత్ర జీవితాంతం ఎందుకన్న ప్రశ్నకు ఇంతకన్న సూటియైన సమాధానం లేదు. ఎనిమిదవ తరగతి లెక్కలు వచ్చినవారెవరికైనా ఇది అర్థమవుతుంది.

మానివేస్తే చాలమందిలో కొద్ది వారాలలోనే వైరస్ తిరిగి లేస్తుంది. మధ్య మధ్య విరామం ఇస్తే మేలేమోనన్న ఊహను ‘స్మార్ట్’ అనే పరిశోధన పరీక్షించింది. అయిదువేల నాలుగువందలమందికి పైగా పాల్గొన్న దాని ఫలితాలు 2006లో వెలువడినవి. విరామం తీసుకొన్నవారిలో మరణాలు, ఎయిడ్స్ దశకు చెందిన వ్యాధులు పెరగడమే కాక గుండె, మూత్రపిండాలు, కాలేయానికి చెందిన జబ్బులు కూడ పెరిగినవి. పెద్దవయసువారికి ఇది ముఖ్యమైన సంగతి. వైరస్ లేచినప్పుడు శరీరమంతట ఒక మంట వంటి ఉద్రేకం రగులుతుంది. వయసుతో అప్పటికే అరిగిన రక్తనాళాలకు ఆ మంట అదనపు భారం.

“కనబడలేదు” అన్న ఫలితంలో గొప్ప శుభవార్త కూడ ఉన్నది. చికిత్స పొందేవారినుంచి భార్యకు గాని భర్తకు గాని వైరస్ సోకడం 96 శాతం తగ్గుతుందని మన దేశంతో సహా 9 దేశాలలో జరిగిన ఒక పరిశోధన 2011లో నిరూపించింది. వైరస్ కనబడనంతగా అణగి ఉన్నంతకాలం లైంగిక సంబంధం ద్వారా అది సోకదని తరువాతి పరిశోధనలు స్థిరపరచినవి. ఇక మనుమణ్ణి ఎత్తుకోవడం వల్ల, ఒకే కంచంలో తినడం వల్ల అది ఏనాడూ సోకదు. పాత ప్రచారంలో చిట్టచివరి వాక్యంగా ఉండే ఈ సంగతి మొదటి వాక్యం కావలసింది.

వయసు తెచ్చే కొత్త పాఠం

బూర్గంపాడులో మనం ఊహించుకొన్న రైతు దగ్గరకు మళ్ళీ వద్దాం. 2020 తరువాత జాతీయ చికిత్సా కార్యక్రమంలో ప్రధానమైన మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ అనే మూడు ఔషధాలు కలిసి ఉన్నవి. రోజుకు ఒకటే మాత్ర. పాత మందులతో పోలిస్తే సుఖమైనది. కాని ఆయన సంచిలో ఇది ఒక్కటే లేదు. చక్కెరకు మెట్‌ఫార్మిన్, కడుపుమంటకు గ్యాస్ మందు, నొప్పులకు ఊళ్ళోని వైద్యుడు పొడిచే డైక్లోఫినాక్ సూది ఉన్నవి. ఒక్కొక్క మందు దేనికో అందరూ చెబుతారు. వాటి మధ్య సంబంధం ఎవరు చెబుతారు?

గ్యాస్ మందులలోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రవిర్‌ను పేగులో పట్టి బంధించివేస్తవి. అది రక్తంలోకి తగినంత చేరదు. కనుక మాత్ర వేసుకొన్న 2 గంటల తరువాత గ్యాస్ మందు తాగవచ్చు; ముందే గ్యాస్ మందు తాగి ఉంటే మాత్రకు 6 గంటలు ఆగాలి. డోలుటెగ్రవిర్ మెట్‌ఫార్మిన్ బయటికి పోయే దారిని మూత్రపిండంలో కొంత అడ్డగిస్తుంది. రక్తంలో మెట్‌ఫార్మిన్ పెరుగుతుంది. రోజుకు 1000 మిల్లీగ్రాములకు మించకుండ వైద్యులు చూస్తారు. అదే అడ్డు వల్ల క్రియాటినిన్ అంకె కొద్దిగా పెరుగుతుంది. ఇంతమాత్రాన మూత్రపిండం చెడిపోయిందని భయపడి మాత్ర మానరాదు. మరొకవైపు టెనోఫోవిర్ కొందరిలో మూత్రపిండాలకు, ఎముకలకు నిజంగానే హాని చేయవచ్చు. దానిపైన నొప్పుల సూదులు తోడైతే ప్రమాదం పెరుగుతుంది. క్షయ సోకి రిఫాంపిసిన్ వాడవలసి వస్తే డోలుటెగ్రవిర్ త్వరగా విరిగిపోతుంది. అప్పుడు రోజుకు రెండుసార్లు ఇస్తారు.

ఈ నాలుగు సంగతులలో ఏదీ రహస్యం కాదు. ఏదీ పల్లెవాసి గ్రహించలేనిది కాదు. అయినా మన ప్రచారం “మాత్ర మానవద్దు” అన్న ఆజ్ఞ దగ్గర ఆగిపోతున్నది. ఆజ్ఞకు కారణం చెప్పడమే విజ్ఞానం. కారణం తెలియని రోగి ఆజ్ఞను అక్షరాలా పాటించి కూడ నష్టపోగలడు: మాత్రను ఒక్క రోజు తప్పకుండ వేసుకొంటూ, ప్రతిసారీ గ్యాస్ మందుతో కలిపి మింగేవాడు ఇందుకు ఉదాహరణ.

గుండె విషయం వేరుగా చెప్పవలసి ఉన్నది. హెచ్.ఐ.వి. ఉన్నవారికి గుండెజబ్బుల ముప్పు ఇతరులకంటె ఎక్కువ. 40 నుంచి 75 ఏళ్ళ వయసున్న 7,769మందితో మన దేశంతో సహా పలు దేశాలలో జరిగిన ‘రిప్రీవ్’ పరిశోధన ఫలితాలు 2023లో వెలువడినవి. పిటవాస్టాటిన్ అనే కొవ్వును తగ్గించే మాత్ర వాడినవారిలో పెద్ద గుండె ప్రమాదాలు 35 శాతం తగ్గినవి. పొగాకు మానడం, రక్తపోటు చూపించుకోవడం వంటి సాధారణ జాగ్రత్తలు హెచ్.ఐ.వి. చికిత్సలో భాగమేనని ఇందువల్ల తేలుతున్నది. ప్రచారంలో ఇవి రెండు వేరు వేరు శాఖలుగా ఉన్నవి. మనిషి శరీరం మాత్రం ఒకటే.

గోదావరి ఒడ్డున

ఒక రచన ఎవరికి చేరుతుందన్నది దాని చిరునామా మీద ఆధారపడి ఉంటుంది. హైదరాబాదును మనస్సులో పెట్టుకొని వ్రాసిన కరపత్రం “నెలనెలా కేంద్రానికి రండి” అంటుంది. బూర్గంపాడు పల్లెలకు వర్షాకాలంలో ఈ సలహా ఎంత దూరం పనికివస్తుంది? 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తరువాత అంతటి వరద మరొకటి లేదు. వంతెనపై రాకపోకలు ఆపివేశారు. బూర్గంపాడు మండలంలో ఊళ్ళు మునిగినవి. జనం ఉన్నపళంగా పునరావాస కేంద్రాలకు చేరారు. బియ్యం తీసుకుపోయినవారు ఉన్నారు, కాగితాలు తీసుకుపోయినవారు ఉన్నారు. నలుగురూ చూసే పెద్ద హాలులో, దాచుకొని వాడే మాత్రల సీసా తీసి మింగడం ఎంతటి పరీక్షో ఊహించవలసినదే.

నెలకు 30 మాత్రలు. వాటిలో 95 శాతం తప్పకుండ వాడాలన్నది పాత మందుల కాలంలో ఏర్పడిన లెక్క. అంటే నెలలో ఒకటి, మహా అయితే రెండు తప్పవచ్చు. కొత్త మందులు కొంత ఎక్కువ ఓర్చుకొంటవి; అయినా వరద పది రోజులుంటే ఆ ఓర్పుకు కూడ పరీక్షే. 2020లో కొవిడ్ దిగ్బంధం నాడు ఒకేసారి కొన్ని నెలల మాత్రలు ఇచ్చే పద్ధతిని దేశమంతట విస్తరించారు. ఆ అనుభవం నది ఒడ్డు పల్లెలకు ప్రతి ఏటా పనికివచ్చేది. జులైకి ముందే అదనపు మాత్రలు అడిగి తెచ్చుకొమ్మని, తడవని డబ్బాలో వేసి ఇంటి కాగితాలతో పాటు ఉంచుకొమ్మని ఒక్క వాక్యం కరపత్రంలో ఉంటే చాలు. నది మట్టం తెలిసిన కలంనుంచి మాత్రమే అలాంటి వాక్యం వస్తుంది.

సరిహద్దు సంగతి కూడ ఇటువంటిదే. 2014లో రాష్ట్ర విభజన తరువాత పోలవరం ముంపు కారణంగా బూర్గంపాడు మండలంలోని కొన్ని ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. తక్కినవి తెలంగాణలో ఉన్నవి. బంధుత్వాలు, పొలాలు, కూలిపనులు గీతకు రెండు వైపులా ఉన్నవి. ఒక రాష్ట్రంలో పేరు నమోదైన మనిషి కూతురి ఇంటికి మరొక రాష్ట్రానికి పోయి నెలలు ఉంటే మాత్రలు ఎక్కడ తీసుకోవాలి? బదిలీ కాగితం ఎట్లా అడగాలి? ఈ విషయాలు చెప్పే తెలుగు పుట వ్రాయడం కష్టమైన పని కాదు. ఇక అడవి వైపు పల్లెలలో కోయ పెద్దలు ఇంట మాట్లాడేది కోయభాష. వారికి అచ్చు తెలుగు కరపత్రం ఎంత చక్కగా వ్రాసినా నోటిమాటకు సాటి రాదు.

గోప్యం అన్నిటికంటె సున్నితమైనది. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి తెచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం, రోగి ఎరుకతో ఇచ్చిన సమ్మతి లేకుండ అతని స్థితిని బయటపెట్టడాన్ని నిషేధించింది. ఉద్యోగంలో, వైద్యంలో, చదువులో వివక్షను కూడ నిషేధించింది. తెలంగాణలో 2014లో మొదలైన ఆసరా పింఛన్ల జాబితాలో ఈ వ్యాధి ఉన్నవారిని చేర్చారు. హక్కు ఉన్నది. కాని ఆ హక్కు కోసం పదిమందిలో నిలబడితే రహస్యం బయటపడుతుందన్న జంకు కూడ ఉన్నది. చట్టం సంగతి చెప్పే కరపత్రం ఈ జంకును గుర్తించి, ఎవరిని ఒంటరిగా కలిసి మాట్లాడవచ్చునో కూడ చెప్పాలి.

దిద్దుబాటు ఎక్కడ?

ప్రచారాన్ని విమర్శించడమంటే ప్రచారకులను తక్కువ చేయడం కాదు. యువకులకు నివారణ చెప్పే పని నేటికీ మిగిలే ఉన్నది. దాన్ని మానమని ఎవరూ అనరు. ఆ పాఠానికి రెండవ భాగం వ్రాయవలసి ఉన్నది. దానికి కొత్త పరిశోధనలు అక్కరలేదు. ఉన్న సంగతులను సరియైన మాటలలో పెట్టడమే పని.

“మందు లేదు” అన్నచోట “పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదు, అదుపులో ఉంచే మందు ఉచితంగా ఉన్నది” అని వ్రాయాలి. “వైరస్ కనబడలేదు” అన్నచోట “అణగి ఉన్నది, మాత్ర ఉన్నంతకాలం అణగి ఉంటుంది” అని చేర్చాలి. “కోర్సు” అన్న మాటను ఈ చికిత్సకు వాడకూడదు. పెద్దవయసువారికి ఇచ్చే కాగితంలో అక్షరాలు పెద్దవిగా ఉండాలి. గ్యాస్ మందు, నొప్పి సూది, చక్కెర మాత్ర వీటి సంగతి ఒక్కొక్క వాక్యంలో ఉండాలి. ఏ వైద్యుని దగ్గరికి పోయినా సంచిలోని మందులన్నీ చూపమని చెప్పాలి.

పాఠ్యపుస్తకం మారేదాకా ఉపాధ్యాయులు ఆగనక్కర లేదు. మరణం అనివార్యమన్న ఆ వాక్యం వచ్చినచోట ఆపి, ఆ మాటకు కాలం చెల్లిందని చెప్పి, 1996, 2004, 2017 అన్న మూడు సంవత్సరాలను నల్లబల్లమీద వ్రాసి, ఒక్కొక్క ఏట ఏమి మారిందో అడగవచ్చు. దాని క్రిందనే 44 నెలల లెక్కను విద్యార్థుల చేతనే చేయించవచ్చు. ఈ రెంటికీ కలిపి అరగంట చాలు. ఆ తరగతిలో ఎవరి ఇంట ఎవరు మాత్రలు వాడుతున్నారో ఉపాధ్యాయునికి తెలియనక్కర లేదు, అడగనూ కూడదు. లెక్క ఇంటికి చేరితే, మాత్ర ఎందుకు మానకూడదో ఆ ఇంటి పెద్దకు మనుమడో మనుమరాలో చెప్పగలుగుతారు.